ఎడమచేతి వాటా

పెళ్లయిన మూడో ఆదివారం, ఆరాధన ఇంకా ముగియకముందే, కెజియా పెళ్లి సగమైపోయింది.

అంతవరకూ ఆ ఉదయం నిండుగానే ఉంది. చర్చి మెట్లమీద కొత్త చెప్పులు కిర్రుమంటుంటే అదీ ఒక సంగీతమేననుకుంది. మగవాళ్ల వైపు బల్లలో భర్త ఆసాపు కూర్చున్నాడు. అతను తొడుక్కున్న నీలం చొక్కా ఇస్త్రీ చేసింది తనే. చేతిమీద ఉండాల్సిన మడత ఒకటైతే, పొరపాటున పక్కనే ఇంకోటి పడింది. రెండూ జంటగా భుజం నుంచి మణికట్టు దాకా నడిచి వస్తున్నాయి. వాటిని చూసుకుంటూ కీర్తనలన్నీ పాడేసింది. ఎమ్మెస్సీ లెక్కలు చదివిన పిల్ల, తప్పు మడతను చూసి ఇంత మురిసిపోవచ్చని ఏ తరగతిలోనూ వినలేదు.

ప్రసంగమయ్యాక ఎలీషా అయ్యగారు కళ్లజోడు తుడుచుకున్నారు. బిషప్పుగారి సభామండలి కార్యాలయం నుంచి ప్రకటన వచ్చిందన్నారు. ఆ ఊళ్లో పుట్టినవాళ్లకి బాప్తిస్మాలూ, పెరిగినవాళ్లకి పెళ్లిళ్లూ, పోయినవాళ్లకి ప్రార్థనలూ చేసిన గొంతుతో చదవడం మొదలుపెట్టారు.

"ప్రియ సంఘములకు హస్త పూర్ణతా విచారణ సంఘము తెలియజేయునది. యెహోషువ మీద చెయ్యి ఉంచుమని దేవుడు మోషేకు సెలవిచ్చినను, మోషే ఉంచినవి చేతులు. యెరూషలేములో ఏడుగురి మీద అపొస్తలులు ఉంచినవి చేతులు. తిమోతి మీద పెద్దలు ఉంచినవి చేతులు. కావున గురు అభిషేకమునకు బహువచనము అత్యావశ్యకము."

ఇక్కడ అయ్యగారు ఊపిరి పీల్చుకున్నారు.

"అయితే మిషనరీ దొరలు వెళ్లిపోయిన నాటి నుండి మన బిషప్పులందరును తెలుగు మర్యాదను పాటించి, ఎడమచేయి ఒకరి నెత్తిన పెట్టుట అవమానకరమని తలంచి, కుడిచేతిని మాత్రమే ఉంచుచు వచ్చిరి. ఆ సమయమున ఎడమచేయి వీపు వెనుక ఉండెను. కావున అట్టి అభిషేకములు అర్ధాభిషేకములనియు, అట్లు అభిషేకము పొందినవారు అర్ధగురువులనియు, వారు జరిపిన సంస్కారములన్నియు అర్ధసంస్కారములనియు తీర్మానించడమైనది."

చదవడం ఆగింది. అయ్యగారు చివరి వాక్యాన్ని మనసులో ఇంకోసారి చదువుకున్నట్టున్నారు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"అంటే నేనేనండీ," అన్నారు.

వెనక బల్లలోంచి ఎవరో లేచారు. "అయ్యగారూ, మొన్న మా నాన్నకి సమాధి ప్రార్థన మీరే గదా చేసింది. మరి ఆయన సగమే పోయినట్టా?"

"నాకు తెలిసి పూర్తిగానే పోయాడయ్యా."

దీవెన ఇవ్వడానికి చెయ్యెత్తబోయి అయ్యగారు కాస్త తటపటాయించారు. "ఉన్నంతలో ఇస్తున్నాను, పుచ్చుకోండి," అని చెయ్యెత్తారు. జనం తలలు వంచారు. సగం దీవెనకి ఎంత వంచాలో తెలియక కొందరు సగమే వంచారు.

ఇంటికి రాగానే అత్తగారు కరుణమ్మ కొంగు బిగించింది. ఆమె స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. పైనుంచి ఏది వచ్చినా పాటించి తీరాలనే మనిషి.

"తీర్మానం తీర్మానమే," అంది. "మూడు ముళ్లలో ఒకటిన్నర పడ్డట్టు. సగం పెళ్లయినవాళ్లు ఒక ఇంట్లో ఉండొచ్చు గానీ ఒక గదిలో ఉండకూడదు. ఆసాపూ, నీ పక్క వరండాలో వేసుకో. అమ్మాయి మామ్మ దగ్గర పడుకుంటుంది."

"మా పెళ్లయి మూడు వారాలు కూడా కాలేదమ్మా," అన్నాడు ఆసాపు.

"సగంలో ఎన్ని వారాలైతే ఏంట్రా."

మూలన మంచం మీద కూర్చుని ఇదంతా వింటున్న హుల్దమ్మ మామ్మ బోసినోరు విప్పింది. కరుణమ్మకి ఆమె అత్తగారు. నోట్లో ఒక్క పన్ను లేదు గానీ మాటకి పదును ఉంది.

"కరుణా, నా పెళ్లి ఎవరు చేశారే?"

"దొరగారు చేశారు, అత్తయ్యా. దొరలకి ఎడమచెయ్యీ కుడిచెయ్యీ ఒకటే గదా. వాళ్లు రెండూ పెట్టించుకున్నవాళ్లే. మీది నిండు పెళ్లి."

"మరి నీది?"

కరుణమ్మ బిగించిన కొంగు వదులు చేసుకుంది. ఆమె పెళ్లి చేసింది ఎలీషా అయ్యగారే. సాయంత్రానికి వరండాలో రెండు పక్కలు పడ్డాయి. మామగారు తన దిండు చంకలో పెట్టుకుని వచ్చి కొడుకు పక్కన కూలబడ్డాడు. "అమ్మా, ఆ మాట నువ్వు అడక్కుండా ఉండాల్సింది," అని లోపలికి వినిపించేలా అన్నాడు.

ఆసాపు పశువుల ఆసుపత్రిలో అసిస్టెంటు. రోజూ సాయంత్రం డ్యూటీ దిగి వస్తూ మల్లెపూలు తెచ్చి వంటింటి కిటికీలోంచి అందించేవాడు. మూర పూలూ ఊచల మధ్యనుంచి కొద్దికొద్దిగా లోపలికి వచ్చేవి. మొదటి రోజు కెజియాకి అదీ బాగుందనిపించింది. కిటికీ ఇంత పనికొస్తుందని కట్టినవాళ్లకి కూడా తెలిసి ఉండదు. నాలుగో రోజుకి మాత్రం ఊచల్ని చూస్తే ఒళ్లు మండింది.

"ఇలా ఎన్నాళ్లండీ?" అంది.

"అయ్యగారి తలమీద ఎడమచెయ్యి కూడా పడితే మన పెళ్లి నిండుతుందట. బిషప్పుగారు అన్ని ఊళ్లూ తిరిగి మిగతా చెయ్యి పెట్టి వెళ్తారట. అయ్యగారు ఒప్పుకోవాలిగా."

"ఒప్పుకోరా?"

ఇద్దరూ అడగడానికి వెళ్లారు. ఎలీషా అయ్యగారు అరుగుమీద గోరుచిక్కుళ్లు తుంపుతున్నారు. అమ్మగారికి కళ్లు సరిగా కనిపించవు, ఆ పని ఆయనదే.

"నీ బాధ నాకు తెలుసమ్మా," అన్నారు కెజియాతో. "కానీ ఆ చెయ్యి కింద తల వంచానంటే, ఇన్నేళ్లూ చేసిందంతా సగమని నేనే ఒప్పుకున్నట్టు. నా చేతుల్లో ప్రాణం పోయినవాళ్లున్నారు. చివరి ప్రార్థన సగమే చేసి పంపానని వాళ్లవాళ్లకి ఏ మొహంతో చెప్పను?"

"మరి మా పెళ్లి, అయ్యగారూ?"

"మీ పెళ్లి నిండుగానే చేశాను. మీ ప్రమాణాలు రెండు చెవులతోనూ విన్నాను. నువ్వు కొంచెం గట్టిగా చెప్పావు, ఇతను కొంచెం మెల్లిగా చెప్పాడు. అంతకు మించి అందులో లోటేమీ లేదు."

ఆసాపు నేలచూపులు చూశాడు. కెజియాకి నవ్వొచ్చింది, దాంతోపాటే కళ్లలో నీళ్లూ తిరిగాయి. మర్నాడు ఉదయం బస్సెక్కి ఇద్దరూ సభామండలి కార్యాలయానికి వెళ్లారు.

విచారణ సంఘం కార్యదర్శి డాక్టర్ జెరుబ్బాబెలుగారు పెద్ద బల్ల వెనక కూర్చుని ఉన్నారు. ఆయన మాట్లాడితే ప్రతి వాక్యమూ ముందే టైపు చేయించి పెట్టుకున్నట్టుండేది.

"మీ వివాహము రద్దు కాలేదు. అర్ధస్థితిలో ఉన్నది," అన్నారు. "వామహస్త పూరణ జరిగిన ఎడల పూర్ణత పొందును. మీ గురువుగారు నిరాకరించిన ఎడల ఆయన అర్ధత శూన్యమగును. తత్సంబంధ కార్యములన్నియు శూన్యమగును."

"శూన్యమంటే?" అన్నాడు ఆసాపు.

"పెళ్లి కానట్టు," అంది కెజియా. లెక్కల్లో ఆమెకి సున్నాతో పాత పరిచయమే. "అయ్యా, ఒక సందేహం. యూదా స్థానంలో మత్తీయని తీసుకున్నప్పుడు చీట్లు వేశారు గదా. ఆయనమీద చెయ్యి పడినట్టు ఎక్కడా లేదు. మరి ఆయన?"

"మత్తీయ వ్యవహారము పరిశీలనలో ఉన్నది."

"పౌలు మీద చేతులుంచిన అననీయ మామూలు శిష్యుడే. అపొస్తలుడు కాడు."

"దానికి ఉపసంఘము వేసితిమి."

"మెల్కీసెదెకు యాజకుడికైతే తండ్రి పేరూ తెలియదు, తల్లి పేరూ తెలియదు, ఎవరి తర్వాత వచ్చాడో కూడా..."

"తండ్రి పేరు లేని దరఖాస్తు ఈ కార్యాలయము స్వీకరించదు," అన్నారు కార్యదర్శిగారు.

కెజియా వదల్లేదు. "పోనీ లెక్కే చెప్పండి. బిషప్పుగారిని అభిషేకించినవారు కూడా కుడిచెయ్యే పెట్టారు గదా. అలాగైతే బిషప్పుగారు సగం. సగం బిషప్పు ఒక చెయ్యి పెడితే మా అయ్యగారు పావు. ఆ లెక్కన మేం సగం పెళ్లి కూడా కాదు, పావు పెళ్లి. మరి సగమని ఎలా రాశారు?"

కార్యదర్శిగారు మొదటిసారి చిరునవ్వు నవ్వారు. ఎవరైనా ఈ ప్రశ్న అడుగుతారేమోనని ఎదురు చూస్తున్నట్టుంది.

"ఆ లెక్క మేమును వేసితిమి. ఒకనాటి రాత్రి సంఘమంతయు దిగులుపడినది. అప్పుడు బిషప్పుగారికే ఒక జ్ఞాపకము వచ్చినది. వారి బాల్యమున పిప్పిపన్ను పీకించుటకు మిషను ఆసుపత్రికి తీసుకొనిపోయిరి. కాంపౌండరు పన్ను పీకుచుండగా, దొరగారు స్వయముగా రెండు చేతులతో వారి తలను పట్టుకొని ప్రార్థన చేసిరి."

"తల కదలకుండా పట్టుకున్నారేమో," అన్నాడు ఆసాపు. పశువుల ఆసుపత్రిలో అతను రోజూ చేసే పని అదే.

"ఉద్దేశము మనకు అనవసరము. దొరగారు రెండు చేతుల పరంపరకు చెందినవారు. రెండు చేతులును తలమీద ఉండెను. కావున సంఘము ఇట్లు తీర్మానించినది." ఆయన లేచి నిలబడి మరీ చెప్పారు. "సందర్భము ప్రధానము కాదు, స్పర్శయే ప్రధానము. బిషప్పుగారు ఆ పన్ను ద్వారా సంపూర్ణులు."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆసాపు కొనిచ్చిన వేయించిన వేరుశనక్కాయలు ఒక్కోటీ ఒలుచుకు తింటూ, "ఆ పన్ను ద్వారా సంపూర్ణులు" అని కెజియా చాలాసార్లు అనుకుంది. ఎంత కోపమొచ్చినా కాయలు వెచ్చగా, బాగున్నాయి.

బిషప్పుగారు తమ ఊరికి వచ్చే పూరణ ఆరాధన ముందురోజు మధ్యాహ్నం కెజియా వంటింట్లో మామ్మ కోసం జంతికలు దంచుతోంది. మామ్మకి జంతికలంటే ప్రాణం. పొడి చేసి పాలల్లో వేస్తేగానీ తినలేదు.

"మీ పళ్లు ఎప్పుడు ఊడిపోయాయి మామ్మా?" అంది ఊరికే, మాటల్లో మాటగా.

"ఊడ్డం తర్వాత సంగతి. ముందు పీకించారు. బోర్డింగులో ఉండేదాన్ని గదా, పంచదార దొంగిలించి తినేవాళ్లం ఆడపిల్లలందరం. అందరికీ పిప్పిపళ్లే. వరసగా నిలబెట్టేవాళ్లు. కాంపౌండరు పట్టకారు పెట్టేవాడు, దొర ఇలా తల పట్టుకుని కళ్లు మూసుకునేవాడు."

"ఒక చేత్తోనా?"

"ఒక చెయ్యి చాలుతుందే మాకు? రెండూ. చెవులు నలిగిపోయేవి."

కెజియా చేతిలో రోకలి ఆగిపోయింది.

"ఎన్నిసార్లు మామ్మా?"

"నాకు నాలుగు. సారమ్మకి ఇంకా ఎక్కువ. దానికి పంచదార పిచ్చి."

కెజియా రోకలి పక్కన పెట్టి మామ్మ బుగ్గలు రెండూ పట్టుకుని ముద్దు పెట్టుకుంది. "జంతికల పొడి ఇటు ఇవ్వు ముందు," అంది మామ్మ.

మర్నాడు చర్చి కిటకిటలాడింది. బిషప్పుగారు ఎర్రంచు అంగీ వేసుకుని, ఎడమచేతికి ప్రత్యేకంగా కొత్త ఉంగరం పెట్టుకుని వచ్చారు. చుట్టుపక్కల సంఘాల గురువులు వరసగా మోకరించారు. బిషప్పుగారు ఈసారి కుడిచెయ్యి వీపు వెనక పెట్టుకుని, ఒక్కొక్కరి నెత్తినా ఎడమచెయ్యి ఆనించుకుంటూ వెళ్లారు. చెయ్యి పడినప్పుడల్లా ఆడవాళ్ల వైపు నుంచి "అయ్యో" అని సన్నగా వినిపించింది. ఒక గురువుగారి తల్లి ఏడ్చింది కూడా.

ఎలీషా అయ్యగారు మాత్రం మోకరించలేదు. గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"చివరి అవకాశము," అన్నారు జెరుబ్బాబెలుగారు. "ఇప్పుడు రానియెడల మీరును మీ కార్యములును శూన్యము."

మగవాళ్ల వైపు బల్లలో ఆసాపు సగం లేచాడు. కెజియా లేచింది. మామ్మని చెయ్యి పట్టుకుని నడవ మధ్యలోంచి ముందుకు తీసుకొచ్చింది. కొత్త చెప్పులు కిర్రుమన్నాయి.

"అయ్యా, ఈవిడ కూడా వరసలో ఉన్నారు," అంది.

"ఏ వరస?"

"పళ్ల వరస."

మామ్మ బిషప్పుగారిని పైనుంచి కిందికి చూసింది. "వందనాలు నాయనా. నీకు దొర ఒక పన్ను పీకించాడటగా. నాకు నాలుగు. రెండు చేతులూ పెట్టాడు, నాలుగుసార్లూ. నీకంటే చాలా ముందు."

చర్చిలో ఎక్కడో ఒక నవ్వు మొదలై ఆగింది. జెరుబ్బాబెలుగారు చెయ్యెత్తారు. "స్త్రీలకు ఇది వర్తించదు."

"సందర్భం ప్రధానం కాదు, స్పర్శే ప్రధానమని మీరే చెప్పారండీ," అంది కెజియా. "మగపన్నా ఆడపన్నా అని తీర్మానంలో లేదు. పన్ను ద్వారా ఆయన సంపూర్ణులైతే, పళ్ల ద్వారా ఈవిడ కూడా సంపూర్ణులే. అందులోనూ ముందు వచ్చినవారు. పరంపర అంటే ముందు ఎవరిమీద పడితే వాళ్లు పెద్ద గదా."

"నాకు ఏడు," అంది వెనకనుంచి సారమ్మ, కర్ర ఊతంతో లేస్తూ. ఆమె పక్కన ఇంకో బోసినోరు లేచింది. ఆ పక్కన ఇంకోటి. పాత బోర్డింగు పిల్లలంతా ఆ బల్లలోనే కూర్చుంటారు. అక్కడైతే ఫ్యాను తగులుతుంది.

మామ్మ వేదిక మీదున్న బిషప్పుగారి కుర్చీ వైపు చూసింది. "అందులో కూర్చోవాలా ఏంటి? మెట్టు ఎత్తుగా ఉంది, ఎవరైనా చెయ్యి పట్టుకోండి. ఏ చెయ్యైనా ఫర్వాలేదు."

బిషప్పుగారు జెరుబ్బాబెలుగారిని చూశారు. ఆ చూపులో పిప్పిపన్ను నొప్పంతా తిరిగొచ్చింది. ముందు బల్లలో కూర్చున్న విచారణ సంఘం మొత్తం లేచి పక్కగదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. లోపల్నుంచి కాసేపు కేకలూ, తర్వాత వ్యాకరణమూ వినిపించాయి. ఈలోపు బయట జనం రెండు కీర్తనలు పాడారు. మామ్మ వేదిక మెట్టుమీద కూర్చుని కెజియా కొంగుతో విసురుకుంది.

తలుపు తెరుచుకుంది. జెరుబ్బాబెలుగారి మొహంలో ఇంతకు ముందు లేని ప్రశాంతత ఉంది.

"సంఘము పునఃపరిశీలించినది," అన్నారు. "బిషప్పుగారు వచ్చిరి అన్నప్పుడు ఎందరు వచ్చినట్లు? ఒక్కరే. అయినను వచ్చెను అనము, వచ్చిరి అందుము. ఏల? గౌరవము. అటులనే పూజ్యుల చేయి ఒక్కటియే అయినను దానిని చేతులు అనుటయే మర్యాద. లేఖనములోని చేతులు గౌరవ బహువచనము. కావున కుడిచేయి ఒక్కటియే చేతులు. ఎవరును ఎన్నడును సగము కాలేదు. సగమైతిమని తలంచినవారు పొరపాటుగా తలంచిరి. పళ్ల తీర్మానము ఉపసంహరించుకొనడమైనది."

మోకాళ్లమీదున్న గురువులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన తన నెత్తిమీద చెయ్యి పెట్టుకుని, అక్కడ పడిన ఎడమచెయ్యిని తుడిచేసుకోవాలో వద్దో తేల్చుకోలేకపోయాడు.

"అయితే నేను ఎక్కక్కర్లేదా?" అంది మామ్మ.

"అక్కర్లేదమ్మా," అన్నారు బిషప్పుగారు గబగబా.

"మంచిది. అక్కడ ఫ్యాను లేదు."

జెరుబ్బాబెలుగారు గోడవైపు తిరిగారు. "ఎలీషాగారూ, ఈ సందేహమును నివృత్తి చేసినందుకు విచారణ సంఘమునకు మీరు కృతజ్ఞతలు తెలుపుట సముచితము."

ఎలీషా అయ్యగారు నెమ్మదిగా ముందుకొచ్చారు. జనం చూస్తుండగా ఎడమచెయ్యి ఒక్కటే ఎత్తి, విచారణ సంఘానికి దండం పెట్టారు. అందరికీ అర్థమైంది. బిషప్పుగారికి ఇంకా బాగా అర్థమైంది. కానీ ఒక చెయ్యి కూడా చేతులేనని అప్పుడే తీర్మానమైంది గనక ఎవరూ ఏమీ అనలేకపోయారు. బదులుగా వాళ్లంతా రెండు చేతులూ జోడించాల్సి వచ్చింది.

మామ్మనీ సారమ్మనీ ఆటో ఎక్కించి కరుణమ్మ వెంట వెళ్లింది. ఈసారి ఆమె ఏ ఆజ్ఞా ఇవ్వలేదు. మామగారు అందరికంటే ముందే ఇల్లు చేరి, వరండాలోని దిండు లోపలికి మోసుకుపోయాడు. ఎవరైనా ఇంకో తీర్మానం తెస్తారేమోనని తలుపు గడియ కూడా పెట్టుకున్నాడట.

ఆసాపు స్కూటరు స్టార్టు చేశాడు. కెజియా వెనక కూర్చుని అతని భుజంమీద చెయ్యి వేసింది. నీలం చొక్కా మీది జంట మడతలు అరచేతికి తగిలాయి. కాలవగట్టు మీద గాలి వస్తోంది.

"ఒక్క చెయ్యేనా వేశావు?" అన్నాడు.

"కొంచెం గౌరవంగా మాట్లాడండి," అంది కెజియా. "చేతులనాలి."